సముద్రం కింద పట్టాలు, స్టేషనులో సరిహద్దు

లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషనులో పారిస్ రైలు ఎక్కబోయే ప్రయాణికుడు, ఇంకా ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టకముందే, ఫ్రాన్సు పోలీసు అధికారికి తన పాస్‌పోర్టు చూపించాలి. భారత పాస్‌పోర్టు మీద లండన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబం సెలవులకు పారిస్ వెళ్లాలనుకుంటే షెంగెన్ వీసా, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తివేసుకున్న ఐరోపా దేశాల ఉమ్మడి వీసా, తీసుకోవాలి. ఆ వీసాను పరిశీలించి, ఫ్రాన్సులోకి రావచ్చో రాకూడదో తేల్చేది పారిస్‌లో కాదు, ఈ లండన్ స్టేషనులోనే. తిరుగు ప్రయాణంలో పారిస్‌లోని గార్ దు నోర్ స్టేషనులో బ్రిటిష్ అధికారి కూర్చుని ఉంటాడు. రెండు దేశాల సరిహద్దు రేఖ ఇంగ్లిష్ ఛానల్ అనే సముద్రం నడిమధ్యన, నీటికీ మట్టికీ కింద ఎక్కడో ఉండగా, దాన్ని దాటే తంతు మాత్రం నగరాల నడిబొడ్డున జరుగుతుంది. ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలిస్తే, ఆ సముద్రం కింద కట్టిన ఛానల్ సొరంగం అంతర్జాతీయ రైలు ప్రయాణాన్ని ఎంతవరకు మార్చగలిగిందో, ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలుస్తుంది.

సొరంగం రాకముందు ఈ చిక్కు లేదు, ఎందుకంటే సముద్రమే సరిహద్దు పని చేసిపెట్టేది. లండన్ నుంచి బయలుదేరిన రైలు డోవర్ రేవు దగ్గర ఆగిపోయేది. ప్రయాణికులు సామాను దించుకుని ఓడ ఎక్కి, ఆవలి ఒడ్డున దిగి, ఇంకో దేశపు రైలు ఎక్కేవారు. ఆ ఎక్కడం దిగడం మధ్యలోనే పాస్‌పోర్టుల పరిశీలన, కస్టమ్స్ తనిఖీ సహజంగా ఇమిడిపోయేవి. లండన్ నుంచి పారిస్ చేరడానికి సాధారణంగా ఆరేడు గంటలు పట్టేది. ప్రయాణికుడు బోగీ దిగకుండా సముద్రం దాటించాలన్న ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. 1936 నుంచి 1980 వరకు నడిచిన ‘నైట్ ఫెర్రీ’ అనే రైలులో నిద్రపోతున్న ప్రయాణికులతో సహా బోగీలను డోవర్‌లో ఓడలోకి నెట్టి, గొలుసులతో బిగించి, ఫ్రాన్సులోని డంకర్క్‌లో మళ్లీ పట్టాల మీదికి లాగేవారు. గొలుసుల చప్పుడుకు నిద్ర పట్టేది కాదని ఫిర్యాదులు ఉన్నా, తెల్లవారేసరికి మరో రాజధానిలో కళ్లు తెరవడం అప్పట్లో అపురూపమైన సౌకర్యమే.

సొరంగం ఆలోచన వీటన్నిటికంటే పాతది. 1802లో ఆల్బేర్ మాత్యూ ఫావియే అనే ఫ్రెంచి ఇంజనీరు గుర్రపు బండ్లు నడిచే సొరంగాన్ని ప్రతిపాదించాడు. లోపల నూనె దీపాలు, మధ్యలో గుర్రాలను మార్చుకోవడానికి ఒక కృత్రిమ ద్వీపం ఆయన ఊహలో ఉన్నాయి. 1880ల ఆరంభంలో రైల్వే అధిపతి ఎడ్వర్డ్ వాట్కిన్ చొరవతో ఇంగ్లండు వైపు, దానికి సమాంతరంగా ఫ్రాన్సు వైపు యంత్రాలతో తవ్వకం నిజంగానే మొదలై, ఒక్కో వైపు రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువగా సాగింది. 1882లో దాన్ని ఆపింది రాయీ కాదు, నీరూ కాదు. సొరంగం గుండా శత్రుసైన్యం వస్తుందన్న భయంతో సేనాని గార్నెట్ వుల్జ్లీ వంటివారు గట్టిగా వ్యతిరేకించగా, బ్రిటిష్ ప్రభుత్వమే పనిని నిలిపివేసింది. 1970లలో మళ్లీ మొదలైన ప్రయత్నాన్ని ఆర్థిక ఇబ్బందుల కారణంగా 1975 జనవరిలో హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం రద్దు చేసింది. నేల తవ్వకానికి అనుకూలంగా ఉందని 19వ శతాబ్దంలోనే తేలిపోయినా సొరంగం వంద ఏళ్లకు పైగా ఆలస్యమైందంటే, సరిహద్దు గురించిన భయం ఇంజనీరింగ్ కంటే ఎంత బలమైనదో గ్రహించవచ్చు.

1986 జనవరిలో బ్రిటిష్ ప్రధాని మార్గరెట్ థాచర్, ఫ్రాన్సు అధ్యక్షుడు ఫ్రాన్స్వా మిత్తరాఁ కలిసి సొరంగ నిర్మాణాన్ని ప్రకటించారు; ఫిబ్రవరిలో కాంటర్‌బరీ ఒప్పందంపై సంతకాలు జరిగాయి. పోటీకి వచ్చిన ప్రతిపాదనల్లో వంతెనలు, వాహనాలు నేరుగా నడిచే రోడ్డు మార్గాలు కూడా ఉన్నాయి. థాచర్‌కు రోడ్డు మీదే మొగ్గు ఉండేది. అయితే యాభై కిలోమీటర్ల సొరంగంలో వేల కార్లు వదిలే పొగను బయటికి పంపడం, అంతసేపు గోడల మధ్య నడిపే డ్రైవర్ల అలసట, ప్రమాదాల ముప్పు తేలికగా తేలే సమస్యలు కావు. అందువల్ల విద్యుత్ రైళ్ల సొరంగాన్నే ఎంచుకున్నారు. కార్లను, లారీలను కూడా రైలెక్కించి దాటించాలని నిర్ణయించారు. ఈ ఎంపిక వల్లే ఒకే సొరంగంలో రెండు భిన్నమైన వ్యాపారాలు పుట్టాయి. ఇంగ్లండులోని ఫోక్‌స్టన్‌కూ, ఫ్రాన్సులోని కాలే రేవు దగ్గరి కోకెల్‌కూ మధ్య వాహనాలను మోస్తూ 35 నిమిషాల్లో దాటే షటిల్ రైళ్లు ఒకటి, నగరం నుంచి నగరానికి నడిచే యూరోస్టార్ వంటి రైళ్లు మరొకటి. షటిల్ రైళ్లను నడిపేది సొరంగం యాజమాన్యమే. యూరోస్టార్ మాత్రం రుసుము చెల్లించి సొరంగాన్ని వాడుకునే వేరే సంస్థ.

సొరంగం మొత్తం పొడవు 50.45 కిలోమీటర్లు, అందులో సుమారు 38 కిలోమీటర్లు సముద్రం కింద ఉంది. ఛానల్ అడుగున సుద్దరాయి, బంకమట్టి కలిసిన ఒక పొర ఉంది. అది యంత్రం కోయగలిగినంత మెత్తన, నీటిని లోపలికి రానివ్వనంత చిక్కన. ఆ పొరను వదలకుండా, అది వంగిన చోటల్లా వంగుతూ సొరంగాన్ని తవ్వారు. ఫ్రాన్సు ఒడ్డు దగ్గర మాత్రం నేల పగుళ్లతో నీరూరుతూ ఉండటంతో, అక్కడి యంత్రాలను ముందు వైపు మూసి, నీటి ఒత్తిడిని ఆపుతూ నడపవలసి వచ్చింది. మొత్తం 11 యంత్రాలు పనిచేశాయి. బ్రిటన్ వైపు తవ్విన మట్టితో డోవర్ సమీపాన సముద్రపు అంచున ‘సాంఫైర్ హో’ అనే కొత్త నేలనే నిర్మించారు. ఇప్పుడది పచ్చిక బయళ్ల ఉద్యానం. 1990 డిసెంబరు 1న రెండు వైపుల బృందాలు సేవా సొరంగంలో కలుసుకున్నప్పుడు, అన్ని కిలోమీటర్లు ఎదురెదురుగా తవ్వుకుంటూ వచ్చిన ఆ రెండు మార్గాల మధ్య తేడా అర మీటరు కంటే తక్కువ. ఈ నిర్మాణంలో పది మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. సొరంగంలో ఇరవై నిమిషాలు హాయిగా కూర్చుని వెళ్లే ప్రతి ప్రయాణం వారికి రుణపడి ఉంది.

ఒకే సొరంగమని మాటవరసకు అంటాం గానీ, నిజానికి అవి మూడు. 7.6 మీటర్ల వ్యాసం గల రెండు సొరంగాల్లో రెండు దిశల రైళ్లు విడివిడిగా నడుస్తాయి. వాటి నడుమ, నిర్వహణకూ ఆపదలో తప్పించుకోవడానికీ పనికొచ్చే 4.8 మీటర్ల సేవా సొరంగం ఉంటుంది. ప్రతి 375 మీటర్లకు ఒక అడ్డదారి ఈ మూడింటినీ కలుపుతుంది. రైలు సొరంగంలో పరుగెత్తేటప్పుడు గొట్టంలో పిస్టన్‌లాగా ఎదుటి గాలిని నెట్టుకుంటూ పోతుంది కాబట్టి, ఆ ఒత్తిడి పక్క సొరంగంలోకి పోయేలా ప్రతి 250 మీటర్లకు పైన గాలి మార్గాలు కట్టారు. రైళ్ల రాపిడి, మోటార్ల వల్ల పుట్టే వేడి ఎటూ పోలేక పేరుకుపోకుండా, రెండు ఒడ్డుల నుంచి చల్లటి నీటిని పైపుల్లో తిప్పుతుంటారు.

1994 మే 6న రాణి రెండవ ఎలిజబెత్, మిత్తరాఁ సొరంగాన్ని ప్రారంభించారు. ఆ నవంబరు 14న యూరోస్టార్ ప్రయాణికుల సేవ మొదలై, లండన్ నుంచి పారిస్‌కు మూడు గంటల ప్రయాణం వాస్తవమైంది. అయితే ఈ కాలాన్ని సొరంగమొక్కటే తగ్గించలేదు. ఫ్రాన్సు 1993 నాటికే కాలే వైపు అతివేగ మార్గాన్ని సిద్ధం చేసుకోగా, అక్కడ గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచే రైలు, ఇంగ్లండు చేరాక కెంట్ ప్రాంతంలోని పాత పట్టాల మీద స్థానిక రైళ్ల మధ్య దారి వెతుక్కుంటూ వాటర్లూ స్టేషను చేరేది. బ్రిటన్ తన అతివేగ మార్గాన్ని రెండు భాగాలుగా 2003లోనూ 2007లోనూ పూర్తి చేసి, 2007 నవంబరు 14న యూరోస్టార్‌ను సెయింట్ పాంక్రాస్‌కు మార్చిన తరువాతే పారిస్ ప్రయాణం రెండుంపావు గంటలకు దిగింది. సొరంగం లోపల రైలు వేగం 160 కిలోమీటర్లే. కాలం ఎక్కువగా ఆదా అయ్యేది సొరంగానికి ఇరువైపులా ఉన్న నేల మీదే. ఈ సంగతిని సొరంగాల గురించి ఉత్సాహంగా మాట్లాడేవారు తరచుగా మరచిపోతారు.

మూడు దేశాల పట్టాల మీద ఒకే రైలు నడవాలంటే ఆ రైలును ఎలా నిర్మించాలో చూస్తే, ఐరోపా రైల్వేలు ఎంత విడివిడిగా ఎదిగాయో తెలుస్తుంది. మొదటి తరం యూరోస్టార్ రైలు ఫ్రాన్సులోనూ సొరంగంలోనూ పైతీగ నుంచి 25,000 వోల్టుల విద్యుత్తును, బెల్జియంలో 3,000 వోల్టులను, దక్షిణ ఇంగ్లండులో పట్టాల పక్కన వేసిన మూడో పట్టా నుంచి 750 వోల్టులను తీసుకోవలసి వచ్చేది. సిగ్నల్ పద్ధతులు కూడా దేశానికొక తీరు. బ్రిటిష్ వంతెనలు, సొరంగాలు ఇరుకు కనుక బోగీలు ఫ్రాన్సు బోగీల కంటే సన్నగా ఉండాలి. దీనికి తోడు సొరంగపు భద్రతా నిబంధనలు వచ్చాయి. రైలు మధ్యలో ఆగిపోతే ప్రయాణికులు బోగీ నుంచి బోగీకి నడిచి ఏదో ఒక అడ్డదారి తలుపు చేరగలగాలి, కాబట్టి అడ్డదారుల మధ్య దూరానికి తగినంత పొడవు రైలుకు ఉండాలి. ఒక భాగంలో నిప్పంటుకుంటే రైలు రెండుగా విడిపోయి, మిగతా సగం ప్రయాణికులతో బయటపడగలగాలి. అందుకే ఆ రైళ్లు దాదాపు 394 మీటర్ల పొడవున, రెండు చివరలా ఇంజన్లతో తయారయ్యాయి. 1996లోనూ 2008లోనూ లారీల షటిళ్లలో పెద్ద మంటలు చెలరేగినప్పుడు ఎవరూ చనిపోలేదంటే, సేవా సొరంగం, ఇంత కఠినమైన నిబంధనలు అనవసరమని ఎవరూ అనలేరు. కానీ వాటి ఫలితంగా వేరే దేశాల మామూలు అతివేగ రైళ్లు ఈ సొరంగంలోకి రావడం అసాధ్యమైంది. నిబంధనలను తరువాత కొంత సడలించారు. 2010 అక్టోబరులో జర్మన్ రైల్వే తన రైలును సెయింట్ పాంక్రాస్‌కు తెచ్చి ప్రదర్శించింది కూడా. అయినా లండన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు అది ప్రకటించిన సేవ మొదలు కాలేదు.

దీనికి భద్రతా నిబంధనలను మించిన కారణం సరిహద్దు. బ్రిటన్ షెంగెన్ ఒప్పందంలో ఎన్నడూ చేరలేదు. సముద్రం లేకపోయాక పాస్‌పోర్టుల పరిశీలనకు చోటు ఎక్కడన్న ప్రశ్నకు రెండు దేశాలు 1991లో సాంగత్ అనే ఊరి పేరుతో కుదుర్చుకున్న అంగీకారం సమాధానమైంది. దాని ప్రకారం ఒక దేశపు అధికారులు మరో దేశపు గడ్డ మీద, సొరంగపు ముఖద్వారాల దగ్గర తమ చట్టాన్ని అమలు చేయవచ్చు. 2000లో కుదిరిన అదనపు అంగీకారంతో ఈ పద్ధతి నగర స్టేషన్లకూ విస్తరించింది. రైలు దిగినవాడు నేరుగా వీధిలోకి నడిచి వెళ్లిపోగలగడం ఈ ఏర్పాటు ఇచ్చిన వరం. దాని వెల ఎక్కే చోట చెల్లించాలి. సామాను తనిఖీ, రెండు దేశాల అధికారుల గదులు, తనిఖీ అయినవారు బయటివారితో కలవకుండా వేచి ఉండే హాలు, కంచె వేసిన ప్లాట్‌ఫారం, ఇవన్నీ ఉన్న స్టేషను నుంచే లండన్ రైలు బయలుదేరగలదు. రైలంటే దారిలోని ఊళ్లన్నిటినీ కలుపుకుంటూ పోయేది. ఈ రైలు మాత్రం విమానంలాగా, కొన్ని ప్రత్యేక ద్వారాల మధ్యే నడవగలుగుతుంది.

బ్రసెల్స్ నుంచి లండన్ వెళ్లే రైలు దారిలో ఫ్రాన్సులోని లీల్ నగరంలో ఆగేది. బ్రసెల్స్ నుంచి లీల్ వరకు ప్రయాణం షెంగెన్ లోపలిదే కనుక, ఆ టికెట్టు కొన్నవారిని బ్రిటిష్ అధికారులు ఆపడం చట్టరీత్యా కష్టమయ్యేది. ఆ టికెట్టుతో ఎక్కి, లీల్‌లో దిగకుండా లండన్ దాకా వచ్చేసేవారి సంగతి 2011లో బ్రిటన్‌లో పెద్ద చర్చకు దారితీసింది. ఆమ్‌స్టర్‌డామ్ కథ ఇంకా స్పష్టమైనది. 2018 ఏప్రిల్‌లో లండన్ నుంచి అక్కడికి నేరుగా రైలు మొదలైంది. తిరుగు ప్రయాణంలో మాత్రం ప్రయాణికులు బ్రసెల్స్‌లో దిగి, తనిఖీలు ముగించుకుని, వేరే రైలు ఎక్కవలసి వచ్చేది, ఎందుకంటే బ్రిటిష్ అధికారి డచ్చి గడ్డ మీద కూర్చోవడానికి తగిన ఒప్పందం అప్పటికి లేదు. అది కుదిరి, 2020 అక్టోబరులో తిరుగు రైలు కూడా నేరుగా నడిచింది. రైలు ఒక్కటే, పట్టాలు అవే. రెండున్నరేళ్ల ఆలస్యమంతా ఒక గదికి, ఆ గదిలో కూర్చునే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు సంబంధించినది. 2024 జూన్‌లో ఆమ్‌స్టర్‌డామ్ స్టేషను మరమ్మతుల వల్ల ఆ గదులకు చోటు లేకపోయేసరికి, 2025 ఫిబ్రవరి వరకు ప్రయాణికులు మళ్లీ బ్రసెల్స్‌లో దిగవలసి వచ్చింది.

లండన్ దాటి ఇతర బ్రిటిష్ నగరాలకు ఇచ్చిన మాటలు అసలు నెరవేరలేదు. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌ల నుంచి పారిస్‌కు పగటి రైళ్లు, గ్లాస్గో, స్వాన్సీ వంటి చోట్ల నుంచి నిద్రబోగీలతో రాత్రి రైళ్లు వస్తాయని సొరంగం కట్టేటప్పుడు చెప్పారు. ‘నైట్‌స్టార్’ పేరుతో 139 బోగీలను తయారు చేయించారు కూడా. చవక విమానాలు వచ్చి లెక్కలు తారుమారయ్యాక ఆ పథకాన్ని 1999లో వదిలేశారు. బోగీలను కెనడా రైల్వే కొనుక్కుపోయింది. ఛానల్‌ను దాటడానికి తయారైన నిద్రబోగీలు అట్లాంటిక్‌కు ఆవల నడవడం నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం, ఎందుకంటే 1980లో ఆగిన నైట్ ఫెర్రీకి అంతకంటే సరైన వారసత్వం ఉండేది కాదు.

డబ్బు లెక్కలు కూడా ఇదే దిశగా నెట్టాయి. సొరంగాన్ని ప్రభుత్వ ధనం లేకుండా ప్రైవేటు పెట్టుబడితోనే కట్టాలని థాచర్ పట్టుబట్టారు. 1985 ధరల్లో ఖర్చు సుమారు 465 కోట్ల పౌండ్లకు చేరి, అంచనాను 80 శాతం మించిపోయింది. మొదటి ఏడాదికే 1.59 కోట్ల మంది యూరోస్టార్ ఎక్కుతారని 1985లో అంచనా వేస్తే, 1995లో ఎక్కినవారు 29 లక్షలు. పావు శతాబ్దం తరువాత, 2019లో కూడా ఆ సంఖ్య 1.1 కోట్ల దగ్గరే ఉంది. అప్పుల భారంతో సొరంగపు సంస్థ 2006లో కోర్టు రక్షణ కోరింది. 2007లో అప్పులను పునర్వ్యవస్థీకరించాక నిలదొక్కుకుంది. ఫ్రాన్సులో పొదుపు సొమ్ము పెట్టి వాటాలు కొన్న చిన్న మదుపరులు తీవ్రంగా నష్టపోయారు. అప్పు తీర్చడానికి రైళ్ల మీద వేసే రుసుములు టికెట్టు ధరలోకి ఎక్కాయి. సరుకు రైళ్లు ఆశించిన స్థాయికి ఎన్నడూ పెరగలేదు. ఇన్ని లోపాలున్నా లండన్-పారిస్ మధ్య విమానాన్నీ రైలునూ పోలిస్తే మూడింట రెండు వంతులకు పైగా ప్రయాణికులను రైలు తనవైపు తిప్పుకుంది. నగరం మధ్యలో ఎక్కి నగరం మధ్యలో దిగే రెండుంపావు గంటల ప్రయాణానికి విమానాశ్రయం దగ్గర జవాబు లేదు.

సరిహద్దు నగరాలకు జరిగినప్పుడు, దాన్ని చట్టబద్ధంగా దాటలేనివారు సొరంగపు ముఖద్వారం దగ్గర మిగిలిపోయారు. యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవారితో కాలే పరిసరాలు నిండాయి. 1999లో సాంగత్‌లో తెరిచిన రెడ్‌క్రాస్ ఆశ్రయాన్ని 2002లో మూసివేశారు, కానీ మనుషులు రావడం ఆగలేదు. 2015లో రైళ్లను పట్టుకుని దాటబోయి పలువురు మరణించారు. సొరంగం చుట్టూ ఇప్పుడు కనిపించే ఎత్తైన కంచెలు ఆ చరిత్రలో భాగం. వాటిని చెప్పకుండా వేగం గురించి మాత్రమే చెబితే ఈ కథ అసత్యమవుతుంది.

సరిహద్దు ప్రశ్నకు వేరే సమాధానాలు ఇతర సముద్రగర్భ సొరంగాల దగ్గర కనిపిస్తాయి. జపానులోని సెయికాన్ సొరంగం 53.85 కిలోమీటర్లతో ఛానల్ సొరంగం కంటే పొడవైనదే. 1954లో తుఫానులో ‘తోయా మారు’ అనే రైలు ఓడ మునిగి వెయ్యి మందికి పైగా చనిపోవడం దాని నిర్మాణానికి బలమైన ప్రేరణ. అది 1988లో తెరుచుకుంది. కానీ అది ఒకే దేశంలోని రెండు ద్వీపాలను కలుపుతుంది కనుక సరిహద్దు చిక్కు లేదు. డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య 2000 జూలై 1న తెరిచిన ఓరెసుండ్ మార్గంలో సొరంగం నాలుగు కిలోమీటర్లే. కోపెన్‌హాగెన్ విమానాశ్రయానికి దగ్గర కాబట్టి ఎత్తైన వంతెన స్తంభాలు వద్దని, ఆ భాగాన్ని సముద్రం కిందికి దింపి, కృత్రిమ ద్వీపం మీదుగా వంతెనతో కలిపారు. అక్కడ కూడా విద్యుత్ వోల్టేజీ వేరు, సిగ్నళ్లు వేరు. డెన్మార్క్‌లో రైళ్లు కుడివైపు పట్టాల మీద, స్వీడన్‌లో ఎడమవైపు నడుస్తాయి. అయితే డెన్మార్క్, స్వీడన్ వంటి నార్డిక్ దేశాల పౌరులకు పరస్పరం పాస్‌పోర్టు అవసరం 1950లలోనే తొలగిపోయింది. అందువల్ల స్వీడన్‌లోని మాల్మోలో ఇల్లు, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం ఉన్నవారు లోకల్ రైలు ఎక్కినట్టే ఎక్కి, సుమారు 35 నిమిషాల్లో మరో దేశం చేరతారు. టికెట్టు ముందుగా కొననక్కరలేదు, అరగంట ముందు రానక్కరలేదు. పొడవులో పదో వంతు కూడా లేని ఈ సొరంగం, నా దృష్టిలో, రోజువారీ జీవితాన్ని ఛానల్ సొరంగం కంటే లోతుగా మార్చింది. 2016 జనవరిలో స్వీడన్ గుర్తింపు పత్రాల తనిఖీ విధించగానే, ఆ మార్గపు ప్రయాణికులు విమానాశ్రయ స్టేషనులో దిగి, వరుసలో నిలబడి, వేరే రైలు ఎక్కవలసి వచ్చింది. 2017 మేలో ఆ తనిఖీ ఎత్తివేసేదాకా వేలమంది రోజువారీ ప్రయాణం కష్టతరమైంది.

బ్రెగ్జిట్ తరువాత, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక, సెయింట్ పాంక్రాస్ హాలు మరింత ఇరుకైంది. బ్రిటిష్ పౌరుల పాస్‌పోర్టుల మీద కూడా ముద్ర వేయవలసి రావడంతో వరుసలు పొడవయ్యాయి. 2025 అక్టోబరు నుంచి ఆ ముద్రల స్థానంలో వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే పద్ధతి దశలవారీగా మొదలైంది. కెంట్ ప్రాంతంలోని ఆష్‌ఫర్డ్, ఎబ్స్‌ఫ్లీట్ స్టేషన్లలో 2020లో ఆగిన యూరోస్టార్ మళ్లీ మొదలు కాలేదు. సొరంగంలో ఇంకా చాలా రైళ్లకు చోటు ఉంది. చోటు తక్కువగా ఉన్నది పాస్‌పోర్టు గదుల్లో, రైళ్లను నిలిపి మరమ్మతు చేసే లండన్ డిపోలో.

డెన్మార్క్‌లోని రోడ్బీ, జర్మనీలోని పుట్‌గార్డెన్‌ల మధ్య ఇప్పుడు 18 కిలోమీటర్ల ఫెమార్న్‌బెల్ట్ సొరంగం తయారవుతోంది. దీన్ని తవ్వడం లేదు. ఒక్కొక్కటి 217 మీటర్ల పొడవు, 73,000 టన్నుల బరువు గల కాంక్రీటు పెట్టెలను ఒడ్డున పోతపోసి, తేల్చి తీసుకెళ్లి, సముద్రపు అడుగున కోసిన కందకంలోకి దింపుతారు. 2019 డిసెంబరు వరకు హాంబర్గ్-కోపెన్‌హాగెన్ రైలు అక్కడ ఓడలోకి ఎక్కి, 45 నిమిషాలు అలల మీద ప్రయాణించేది. సొరంగంలో రైలుకు ఏడు నిమిషాలు పడుతుంది. రెండు నగరాల మధ్య ప్రయాణం రెండున్నర గంటలకు తగ్గుతుంది. రెండు దేశాలూ షెంగెన్‌లోనివే కనుక సెయింట్ పాంక్రాస్ వంటి హాలు ఎక్కడా కట్టడం లేదు. అయితే 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీద తాత్కాలిక తనిఖీలు విధించింది, వాటిలో డెన్మార్క్ సరిహద్దు కూడా ఉంది. సొరంగం తెరుచుకునే నాటికి అవి ఉంటే, ఆ ఏడు నిమిషాల తరువాత రైలు పుట్‌గార్డెన్ దగ్గర ఎంతసేపు ఆగుతుందన్నది బెర్లిన్‌లో తేలుతుంది.